గోడకి ఆనని తల

నిటారుగా కూర్చోమని నాకు చెప్పని మనిషి లేరు. చిన్నప్పుడు నాన్న చెప్పారు. బళ్ళో డ్రిల్లు టీచరు చెప్పారు. పెళ్ళిచూపులకి ముందు మా పిన్ని వీపు మీద ఒకటి చరిచి మరీ చెప్పింది. పెళ్ళయ్యాక ఆ బాధ్యత మా వారు తీసుకున్నారు. ఎదురుపడ్డప్పుడల్లా "నడుం ఎత్తు" అనేవారు. ఎత్తేదాన్ని. ఆయన గుమ్మం దాటేలోపు అది మళ్ళీ వంగిపోయేది. ఒళ్ళో ఉన్న ఆ లేసు దారం తీసి పక్కన పెట్టమని మాత్రం ఒక్కరూ అనలేదు. ఒకప్పుడు ఇది తలుచుకుంటే ఒళ్ళు మండేది. ఇప్పుడు కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు.

మాది నరసాపురం పక్క పల్లె. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఆడపిల్లకి జడ వేసుకోవడం ఎంత సహజంగా వస్తుందో లేసు అల్లడం అంత సహజంగా వస్తుంది. కొక్కెం ఉన్న సన్నటి సూది, తెల్ల దారం ఉండ, ఒళ్ళో పరుచుకోవడానికి ఉతికిన గుడ్డ, ఇంతే సరంజామా. ఏజెంటు వచ్చి దారం ఇచ్చి వెళ్తాడు. మేం పువ్వులు అల్లి, పువ్వుకి పువ్వు అతికి, బల్లల మీద పరిచే గుడ్డలు తయారుచేసి ఇస్తాం. అవి ఓడలెక్కి ఎక్కడెక్కడికో పోతాయని చెప్పేవారు. మా ఇంట్లో ఏ బల్ల మీదా అలాంటి గుడ్డ పరిచిన గుర్తు నాకు లేదు.

అల్లేటప్పుడు కూర్చునే తీరు ఒకటుంది. నేల మీద ఒక కాలు మడిచి, రెండో మోకాలు పైకి నిలబెట్టి, దాని మీద మోచెయ్యి ఆనించి, మెడ బాగా కిందికి దించి కూర్చోవాలి. తెల్ల దారంలో తెల్ల దారం దూర్చాలి కాబట్టి కళ్ళకి దగ్గరగా లేకపోతే ఏమీ కనపడదు. వీధి అరుగు మీద వెలుతురు బాగుంటుందని భోజనాలయ్యాక నేనూ అత్తయ్యగారూ అక్కడ చేరేవాళ్ళం. మామయ్యగారు అదే అరుగు మీద రెండో చివర పడక్కుర్చీలో పేపరు చదువుతూ ఉండేవారు. వీధిలో పోయేవాళ్ళు ఏం చేస్తున్నారండీ అని పలకరిస్తే, చేతిలో సూది ఆగకుండానే "ఏం లేదండి, ఖాళీగానే ఉన్నాం, రండి" అనేవాళ్ళం. ఆ మాటలో మాకు అబద్ధం ఏమీ కనిపించలేదు. నాట్లకీ కోతలకీ వెళ్ళే ఆడవాళ్ళు పనికి వెళ్తారు. మేం ఇంట్లో కూర్చుంటాం. మా ఆడవాళ్ళు గడప దాటి పనికి వెళ్ళరని చెప్పుకోవడం మామయ్యగారికి పెద్ద గొప్ప. ఆ లేసు డబ్బుల్తోనే ఇంట్లోకి నూనే సబ్బులూ, పిల్లల పుస్తకాలూ వచ్చేవి. అది పని కానప్పుడు వచ్చింది సంపాదనా కాదు కదా, ఆ సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు.

అత్తయ్యగారికి నేను కాపురానికి వచ్చేనాటికే వీపు పైభాగం గూనిదేరి ఉంది. మెడ ముందుకి సాగి, గడ్డం గుండెల మీదకి దిగిపోయింది. ఎవరి మొహమైనా చూడాలంటే మనిషంతా పక్కకి తిరిగి, ఓరగా పైకి చూసేవారు. అంత శ్రమ ఎందుకని చాలాసార్లు కాళ్ళు చూసే మనిషిని గుర్తుపట్టేవారు. "ఏంటబ్బాయ్, మడమలు అలా పగిలాయి, మీ ఆవిడకి నీ మీద శ్రద్ధ తగ్గిందా" అని గుమ్మంలో నిలబడ్డవాణ్ణి ఆటపట్టించేవారు. ఓటరు కార్డులకి ఫోటోలు తీయడానికి బళ్ళో కెమెరా పెట్టినప్పుడు, ఆ ఫోటో తీసే అతను తలెత్తండి తలెత్తండి అని బతిమాలి బతిమాలి చివరికి విసుగొచ్చి నొక్కేశాడు. ఆ కార్డులో ఆవిడ పాపిడి చక్కగా పడింది, మొహం సగమే పడింది. అది చూసి అందరికన్నా ముందు ఆవిడే నవ్వారు. ముసలితనంలో ఎవరైనా వంగుతారని మేం అనుకునేవాళ్ళం. లెక్క చూస్తే అప్పటికి ఆవిడేమంత ముసలావిడ కాదు.

మా రెండో పాప బళ్ళో చేరిన ఏడాది నా కుడిచేతి వేళ్ళలో తిమ్మిరి మొదలైంది. మొదట్లో విదిలిస్తే పోయేది. తర్వాత విదిలించినా పోలేదు. మెడ దగ్గర పట్టేసి, భుజం మీదుగా మోచేతి దాకా సలుపు దిగేది. ఒకరోజు చుట్టాలకి కాఫీ ఇస్తుంటే గ్లాసు చేతిలోంచి జారిపోయింది. పట్టుకున్నాననే అనుకున్నాను, వేళ్ళకి ఆ సంగతి తెలియలేదు. ఇంకో రోజు పొద్దున్నే పాపకి జడ వేస్తుంటే, పాయలు పట్టుకున్న వేళ్ళు మధ్యలో ఆగిపోయాయి. ఎంత ప్రయత్నించినా బిగించలేకపోయాను. బడి గంట అవుతుందని పాప ఏడుపు మొదలుపెట్టింది. అత్తయ్యగారు వచ్చి ఆ జడ పూర్తి చేశారు. నాకు ఆ రోజు నిజంగా భయమేసింది.

మా వారు నన్ను రాజమండ్రి తీసుకెళ్ళి పెద్ద ఎముకల డాక్టరుకి చూపించారు. ఎక్స్‌రే చూసి మెడ దగ్గర నరం నలుగుతోందని, అది ఇలాగే ఉంటే చేతిలో పట్టు పోతుందని, అప్పుడు మెడకి ఆపరేషన్ చెయ్యాల్సి రావచ్చని ఆయన చెప్పారు. మెడ మీద కత్తి అనగానే నాకు మిగతా మాటలు వినపడలేదు. ఆయన నన్నొకటి అడిగారు, ఏం పని చేస్తుంటారమ్మా అని.

"ఏం పని లేదండి. ఇంట్లోనే ఉంటాను" అన్నాను.

మా వారు పక్కనుంచి అందుకున్నారు. "మా ఇంట్లో ఆడవాళ్ళు పనికి వెళ్ళరండి."

ఇద్దరం మా మనసుకి నిజం అనిపించిందే చెప్పాం. ఆ డాక్టరు గారు మాత్రం ఏం చేస్తారు, ఇంటిపని చేసే మనిషికి చెప్పాల్సిన జాగ్రత్తలన్నీ ఓపిగ్గా చెప్పారు. వంగి ఊడవకూడదు, కింద కూర్చుని వండకూడదు, బరువులు ఎత్తకూడదు, ఎత్తు దిండు వేసుకోకూడదు. మెడకి పట్టీ ఒకటి రాసిచ్చారు.

ఆ తర్వాత మా ఇల్లు మారిన మార్పు చూడాల్సిందే. మా వారు మొండిమనిషే గానీ నాకోసం వెనకాడలేదు. తాపీ మేస్త్రిని పిలిపించి వంటింట్లో గట్టు కట్టించారు, కొత్తగా వచ్చిన గ్యాసు పొయ్యి దాని మీదకి ఎక్కింది. చీపురుకి పొడుగాటి కర్ర కట్టారు. బట్టలు నానబెట్టే బకెట్టుకి కింద ఎత్తుపీట వచ్చింది. టీవీని బీరువా మీదకి చేర్చారు. దిండు తీసేశారు, రాత్రిళ్ళు నిద్ర కూడా దాంతోపాటే పోయింది. ఊళ్ళో ఆడవాళ్ళు నా మెడపట్టీ చూడ్డానికి విడతలు విడతలుగా వచ్చి, అయ్యో అని కాఫీ తాగి వెళ్ళేవారు.

ఇంత చేసిందీ ఒక ఎత్తు, మేం చేసిన తెలివితక్కువ పని ఒక ఎత్తు. పని తగ్గించమన్నారు కదా అని అత్తయ్యగారు వంటా అంట్లూ తన మీద వేసుకుని నన్ను కూర్చోబెట్టేవారు. కూర్చున్నదాన్ని ఏం చేస్తాను? లేసు తీసేదాన్ని. అంతకుముందు పనుల మధ్య సందు దొరికితే అల్లేదాన్ని, ఇప్పుడు పొద్దున్నించీ అదే. మెడపట్టీ వంట దగ్గర ఉండేది, నడిచేటప్పుడు ఉండేది, బట్టలు ఆరేసేటప్పుడు ఉండేది. లేసు పట్టుకోగానే, గడ్డం కిందికి దిగనివ్వదు కాబట్టి, తీసి పక్కన పెట్టేదాన్ని. డాక్టరు చెప్పినవన్నీ పాటిస్తున్నా తగ్గదేంటని మా వారు ఆశ్చర్యపోయేవారు. నేనూ పోయేదాన్ని. చూస్తుండగానే బొటనవేలు కూడా మొద్దుబారింది.

ఆపరేషన్ మాట ఖాయం చేసేముందు ఒకసారి వ్యాయామం చేయించే ఆవిడకి చూపించమని డాక్టరు గారు పంపారు. అప్పుడు కోతలు జరుగుతున్నాయి, మా వారికి కదిలే వీలు లేదు. అత్తయ్యగారే తోడు వచ్చారు. రాజమండ్రి ఆస్పత్రి వసారాలో బెంచీ మీద కూర్చున్నాం. మా వంతు ఎప్పటికీ రాలేదు. ఎంతసేపని గోళ్ళు గిల్లుకుంటాం, అత్తయ్యగారు సంచిలోంచి లేసు తీశారు. నేనూ తీశాను. పట్టీ విప్పి బెంచీ మీద పెట్టాను. ఇద్దరం మెడలు వంచి పనిలో పడిపోయాం.

కాసేపటికి మా ఎదురుగా ఎవరో నిలబడ్డట్టనిపించింది. అత్తయ్యగారు కాళ్ళు చూసి, డాక్టరమ్మ అనుకుంటా, లే అన్నారు. వ్యాయామం చేయించే ఆవిడే. చిన్నపిల్ల, పాతికేళ్ళు ఉంటాయేమో.

"ఏంటమ్మా అది?" అని అడిగింది.

"ఏం లేదండి. ఖాళీగా కూర్చున్నాం కదా అని" అన్నాను.

లేవద్దని చెప్పి, ఆ అమ్మాయి పక్కకి వెళ్ళి మమ్మల్నిద్దర్నీ ఓ వైపు నుంచి చూసింది. ముందు నన్ను, తర్వాత అత్తయ్యగార్ని, మళ్ళీ నన్ను. ఆ చూపు నాకు నచ్చలేదు. రోజూ ఎంతసేపు అల్లుతారని అడిగింది. ఎంతసేపేంటండి, చెయ్యి ఖాళీ అయినప్పుడల్లా అని అత్తయ్యగారు చెప్పారు. తను పెద్దమనిషి కాకముందునుంచీ అల్లుతున్నానని కూడా చెప్పారు. మరి డాక్టరు గారి కాగితంలో పని ఏమీ లేదని రాసుందే అని ఆ అమ్మాయి అంటే, అత్తయ్యగారు నవ్వేశారు. "ఇది పనేంటమ్మా" అన్నారు.

ఆ అమ్మాయి నవ్వలేదు. నన్ను లోపలికి తీసుకెళ్ళి గోడకి ఆనుకుని నిలబడమంది. మడమలు, పిరుదులు, భుజాలు, తల వెనకభాగం, అన్నీ గోడకి తగలాలి. తల ఆనించడానికి నేను చాలా కష్టపడ్డాను, మెడలో ఏదో కలుక్కుమంది, చివరికి ఆనింది. అత్తయ్యగారికి సరదా పుట్టింది. నన్నూ చూడమ్మా అని చెప్పులు వదిలేసి వచ్చి నిలబడ్డారు. వీపు మీది గూను గోడకి తగిలింది, అంతే. తల గోడకి చాలా దూరంలో ఉండిపోయింది. ఆవిడ వెనక్కి నెట్టారు. చెవులు ఎర్రబడేదాకా నెట్టారు. ఆ సందులో ఆ అమ్మాయి పిడికిలి పెట్టి చూసింది, ఇంకా చోటు మిగిలింది. చాలమ్మా, వచ్చేయండి అని ఆవిడ చెయ్యి పట్టుకుని ఇవతలికి తీసుకొచ్చింది.

మా అత్తయ్యగారికి ఏ వ్యాయామం చెప్తారని నేను అడిగాను. ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "ఆవిడకి ఇంక కుదరదండి. ఎముకలు అలాగే గట్టిపడిపోయాయి. మీకింకా టైముంది." అత్తయ్యగారి మెడే వంగింది గానీ చెవులు బాగానే పనిచేసేవి.

నాకు చెప్పినవి పెద్ద వైద్యాలేం కావు. కొన్నాళ్ళు లేసు ముట్టుకోకూడదు. తర్వాత అల్లినా నేల మీద కూర్చోకూడదు. వీపు ఆనే కుర్చీలో, పాదాలు నేలకి తగిలేలా కూర్చుని, ఒళ్ళో రెండు దిళ్ళు పెట్టుకుని చేతుల్ని మొహం దగ్గరికి తెచ్చుకోవాలి. మొహాన్ని చేతుల దగ్గరికి తీసుకెళ్ళకూడదు. మధ్యమధ్య లేచి నడవాలి. రోజూ పొద్దున్నే గోడకి నిలబడాలి. ఇన్నేళ్ళు అందరూ నిటారుగా ఉండు, నిటారుగా ఉండు అన్నారు, ఎలా ఉండాలో చెప్పింది ఆ అమ్మాయి ఒక్కతే.

తిరుగు బస్సులో అత్తయ్యగారు సంచి విప్పలేదు. రావులపాలెంలో బస్సు చాలాసేపు ఆగింది. కిటికీ పక్కన అరటిగెలలు దించుతున్నారు, పచ్చి అరటి వాసన బస్సంతా నిండింది. ఒక హస్తం పళ్ళు కొని ఒలిచి చేతిలో పెడితే, ఆవిడ తినకుండా అలా పట్టుకునే ఉన్నారు. గోదావరి పాయల్లో గౌతమి దాటి వచ్చేశాం, ఇంకా వశిష్ఠ దాటాలి. ఏంటి అత్తయ్యగారూ అన్నాను.

"నాకెవరూ చెప్పలేదే" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ముందు ఏడవడం ఇష్టంలేక కిటికీ వైపు తిరిగాను.

ఇంటికొచ్చి చెప్తే మా వారు నమ్మలేదు. ఊళ్ళో ఆడవాళ్ళందరూ అల్లట్లేదూ, వాళ్ళ చేతులన్నీ పడిపోయాయా అన్నారు. నేను అత్తయ్యగారి వైపు చూశాను. ఆయనా చూశారు. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. కొన్నాళ్ళు సూది అటకెక్కింది. ఏజెంటు వచ్చి అడిగినప్పుడు అత్తయ్యగారే వాకిట్లోంచి పంపించేసేవారు. మెల్లమెల్లగా మోచేతి సలుపు తగ్గింది, బొటనవేలికి స్పర్శ వచ్చింది. కానీ నూనె సబ్బుల సంగతి ఎన్నాళ్ళు ఆగుతుంది? మళ్ళీ అల్లక తప్పని రోజు వచ్చింది. అప్పుడొచ్చింది కుర్చీ గొడవ.

మా ఇళ్ళలో మామగారి ఎదుట కోడలు కుర్చీలో కూర్చోదు. ఎవరూ రాసిపెట్టలేదు, కూర్చోదు అంతే. అత్తయ్యగారే ఆయన ఎదుట ఏనాడూ కుర్చీలో కూర్చోలేదు. వెలుతురేమో అరుగు మీదే ఉంది. గదిలో కుర్చీ వేసుకుంటే చీకటి, దొడ్లో వేసుకుంటే ఎండ. రెండు రోజులు అటూ ఇటూ కుర్చీ మోసి, మూడో రోజు విసుగొచ్చి అరుగు మీద నేల మీదే చతికిలబడ్డాను. ఆ చెయ్యి పోతే పోయిందిలే అనిపించింది. అంత అలిసిపోయాను.

అత్తయ్యగారు లేచి లోపలికి వెళ్ళారు. ప్లాస్టిక్ కుర్చీ గచ్చు మీద ఈడ్చుకుంటూ వచ్చిన చప్పుడైంది. దాన్ని తెచ్చి నా పక్కన వేశారు. మామయ్యగారి వైపు ఓరగా తిరిగారు.

"అమ్మాయి కుర్చీలో కూర్చుంటదండి. మీకు చూడ్డానికి ఇబ్బందైతే అటు తిరిగి కూర్చోండి."

ఆవిడ ఆయనతో అలా మాట్లాడగా నేను విన్నది అదొక్కసారే. మామయ్యగారు పేపరు దించారు. తర్వాత లేచి, పడక్కుర్చీని వీధి వైపు తిప్పుకుని, మాకు వీపు పెట్టి కూర్చున్నారు. ఆ తర్వాత మధ్యాహ్నం పూట ఆ పడక్కుర్చీ వీధి వైపే ఉండేది.

అత్తయ్యగారు మాత్రం నేల మీదే, నా కుర్చీ కాలి పక్కన కూర్చునేవారు. మీకూ ఒక కుర్చీ తెస్తానంటే వద్దనేవారు, ఎక్కడ కూర్చున్నా నాకు కనపడేది ఒళ్ళే కదా అనేవారు. పొద్దున్నే నేను గోడకి నిలబడితే ఆవిడ వచ్చి చూసేవారు. సున్నం గోడ మీద నా తల ఆనే చోట కొబ్బరినూనె మరక పడింది. "ఒళ్ళు బాగుచేసుకోమంటే గోడకి తలంటుతున్నావేంటే" అని వెక్కిరించేవారు. నాకు బద్ధకంగా ఉన్న రోజున ఆవిడే చెయ్యి పట్టుకుని ఆ మరక దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టేవారు. ఆపరేషన్ అవసరం పడలేదు. చెయ్యి పూర్తిగా మునుపటిలా కాలేదు గానీ, పాప జడలు మళ్ళీ నేనే వేశాను.

తర్వాత కొన్నేళ్ళకి అత్తయ్యగారు జ్వరంతో పోయారు. హాల్లో చాప పరిచి పడుకోబెట్టారు. పడుకోబెట్టాక అందరం చూశాం, ఆవిడ తల నేలకి ఆనలేదు. వీపు గూను మీద ఒరిగి, తల గాల్లో నిలబడిపోయింది. బతికున్నన్నాళ్ళూ సరిగ్గా కనపడని మొహం వచ్చినవాళ్ళందరికీ ఎదురుగా ఉంది. ఎవరెవరు వచ్చారో చూస్తున్నట్టుంది. ఆడవాళ్ళు చూపు తిప్పుకున్నారు. పెద్దాయన ఒకాయన, చుట్టమే, అలా ఉండకూడదంటూ వచ్చి నుదుటి మీద చెయ్యి వేసి కిందికి అదమబోయారు.

సరిగ్గా అప్పుడే మా వారు కళ్ళు తుడుచుకుంటూ ఎవరితోనో అంటున్నారు. "మా అమ్మ ఒక్కరోజు కూడా పనికి వెళ్ళి ఎరగదండి."

ఆయన దుఃఖంలో ఉన్నారని నాకు తెలుసు. అయినా ఉండబట్టలేదు.

"చేశారండి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ పని చేశారు. తల చూడండి" అన్నాను.

మామయ్యగారు ఉన్నారని కూడా చూసుకోలేదు. ఆయన గుమ్మం పక్కన వీధి వైపు తిరిగి కూర్చుని ఉన్నారు. కుర్చీలోంచి లేచి లోపలికి తిరిగారు. ఆవిడ మొహం వైపు చాలాసేపు చూశారు.

"నొక్కకండి. దిండు పెట్టండి" అన్నారు.

నేను లోపలికి వెళ్ళి, కుర్చీలో నా ఒళ్ళో పెట్టుకునే రెండు దిళ్ళూ తెచ్చి, ఒకదాని మీద ఒకటి ఆవిడ తల కింద పెట్టాను. అప్పుడు ఆనింది.